క్రెడిట్ ఎవరిది?

కొన్ని ఇంగ్లీషు మాటలు మనింటికి చుట్టపుచూపుగా వచ్చి, ఇంట్లోవాళ్ళై కూర్చున్నాయి. ‘క్రెడిట్’ అలాంటిదే. కాకపోతే ఏ గదిలోకెళితే ఆ గదికి తగ్గట్టు మాట మార్చేస్తుంది.

అమ్మాయికి ఫస్టు క్లాసొస్తే ‘ఆ క్రెడిట్ నాది’ అంటాడు తండ్రి. సినిమా అయిపోయాక తెరమీద పరుగెత్తే పేర్లూ క్రెడిట్సే. అప్పటికి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. కాలేజీలో చదువుని కొలిచేదీ క్రెడిట్లతోనే. పాస్‌బుక్కులో క్రెడిట్ అని పడితే డబ్బొచ్చిందని సంబరం. అదే మాట కార్డు మీదుంటే అప్పు!

ఇదేం తిరకాసండీ అంటారా? లాటిన్ భాషలో నమ్మడమనే అర్థమున్న ‘క్రెడెరె’ దీనికి మూలం. అలా చూస్తే చిక్కు విడిపోతుంది. పాస్‌బుక్కులో ఉన్నది మనం బ్యాంకుని నమ్మిన లెక్క. కార్డు మీదున్నది బ్యాంకు మనల్ని నమ్మిన లెక్క.

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ‘పరపతి’ అంటే పలుకుబడి. అప్పూ పరపతే. 1904లో వచ్చిన చట్టాన్ని మనం సహకార పరపతి సంఘాల చట్టం అన్నాం. నలుగురిలో మాట చెల్లేవాడికే అప్పు పుడుతుందని మన భాషకి ముందే తెలుసన్నమాట.

ఇప్పుడా నమ్మకానికి మార్కులొచ్చాయి. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా. అప్పుచేసి వాయిదాలు తప్పకుండా కట్టినవాడు బుద్ధిమంతుడు. బొత్తిగా అప్పే చెయ్యనివాడికి మంచి మార్కులూ లేవు, చెడ్డ మార్కులూ లేవు!

మా పెద్దక్కయ్య సంగతే చూడండి. బావ జీతంతో నలభయ్యేళ్ళు ఇల్లు నడిపింది. నెలాఖరుకి డబ్బు కరువైతే, ‘అమ్మగారు చెప్పారు, చాలు’ అని కిరాణా కొట్టాయన సామాను తూచేవాడు. ఒకటో తారీఖు దాటకుండా బాకీ తీర్చేది. ఖాతా పుస్తకంలో మాత్రం బావ పేరు. సంసారం గుట్టుగా నెట్టుకొచ్చాడన్న మంచి పేరూ బావకే.

ఈమధ్య పచ్చళ్ళ వ్యాపారం పెడదామని ఓ బ్యాంకుకి అప్పుకోసం వెళ్ళింది. ‘మీకు క్రెడిట్ లేదమ్మా’ అన్నారట.

అక్కయ్య నవ్వి నాతో అంది: “కొట్టాయన్ని అడగమనరా. నా స్కోరెంతో ఆయన చెబుతాడు.”