నరం దొరకని చెయ్యి

మా అత్తమ్మ చేతికి నరం ఒక పట్టాన దొరకదు. పోయిన వేసవిలో వాంతులు, విరేచనాలతో నీరసించిపోతే కొమరోలు నుంచి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. సెలైన్ పెట్టడానికి నాలుగుసార్లు పొడిచారు. ఒంట్లో నీరు తగ్గితే నరాలు ఇంకా లోపలికి పోతాయట. చూడలేక నేను గోడవైపు తిరిగాను. ఆమె మాత్రం, "ఆ పిల్లనేమీ అనబాకమ్మా, నా చెయ్యే అంత" అంది.

చివరికి డాక్టరుగారు స్కానింగ్ మిషన్ తెప్పించారు. జెల్ రాసి చూస్తే తెరమీద నల్లటి గుండ్రాలు. నొక్కితే అణిగిపోయేది సూది పెట్టాల్సిన నరం, కొట్టుకుంటూ ఉండేది ధమని అన్నారు. ఒకసారి చేతికేసి, ఒకసారి తెరకేసి చూస్తూ సూది పెట్టారు. దొరికింది!

నర్సింగ్ చదివే మా అమ్మాయికి ఇదంతా చెబితే స్మార్ట్ కళ్ళజోడు సంగతి చెప్పింది. తెరమీది బొమ్మ కళ్ళద్దాల్లోనే కనపడుతుందట. తల తిప్పక్కర్లేదు, చూపు చేతిమీదే ఉంటుంది. 2013లో గూగుల్ గ్లాస్ వచ్చాక కొందరు డాక్టర్లు ఇలా చేసి చూశారట. "కళ్ళజోడు ఉంటే చాలదమ్మా, చెయ్యి అలవాటు పడాలి" అని కూడా అంది.

అది మన ఊళ్ళదాకా ఎప్పుడొస్తుందో గానీ, 'తల తిప్పక్కర్లేదు' అన్న మాట నాకు గుచ్చుకుంది. ఆ రోజు తల తిప్పుకున్నది నేనే కదా!

మొన్న రక్తపరీక్షకు వెళ్ళేముందు అత్తమ్మకు నీళ్ళు బాగా తాగించాను. "ఈమెకు నరం తొందరగా దొరకదమ్మా" అని అక్కడి అమ్మాయికి ముందే చెప్పాను. అత్తమ్మ రెండో చెయ్యి పట్టుకుని, సూదివైపే చూస్తూ నిలబడ్డాను.