చూడని చిత్రములపై నా యభిప్రాయములు

చలనచిత్రములను చూడకయే వానిని గూర్చి గట్టి యభిప్రాయములు పెట్టుకొనినవానిని చూచి చదువరులు నవ్వవచ్చును. నేను పదేండ్లపాటు అట్టివాడనుగానే యుంటిని. 2001వ సంవత్సరమున హైదరాబాదులో ఎం.ఏ. చదువుచుండగా, ఒక ఆదివారమునాడు అబిడ్సు కాలిబాటపై పాత పుస్తకముల నడుమ 'రీలింగ్' అను గ్రంథము దొరికెను. అట్ట సగము చినిగి యున్నది. అమెరికాదేశపు విమర్శకురాలు పౌలీన్ కేల్ 1972 మొదలు 1975 వఱకు 'న్యూయార్కర్' పత్రికలో వ్రాసిన చిత్రవిమర్శల సంపుటమది. 1976లో అచ్చయినది. ఆమె ఆ యేడే, అనగా 2001లోనే, కాలధర్మము నొందినదని పిమ్మట తెలిసినది.

విమర్శ యనగా దగ్గి, గొంతు సవరించుకొని, ప్రమాణగ్రంథములను పేర్కొని మొదలుపెట్టవలసిన దని నమ్మియుండిన సంస్కృత విద్యార్థిని నేను. ఈమె యట్లు కాదు. ఆట విడిచిన వెంటనే, వాకిలి దాటకమునుపే, ప్రక్కవాని మోచేయి పట్టుకొని మాటలాడుచున్నట్లు వ్రాయును. తనకు నచ్చినది నచ్చినదనియే చెప్పును. పెద్దలు మెచ్చినది నచ్చకపోయిన నా మాటయు దాచదు. అప్పటికి ఆ చిత్రములలో ఒక్కటియు నేను చూడలేదు. అయినను బడిలో చేరిన పిదప ఉపాధ్యాయుల గదిలో వానిని గూర్చి వాదించుచుండెడివాడను. ఒకనాడు మా లెక్కల మాస్టారు, "ఇంతకూ మీరు చూశారా?" అని యడిగిరి. ఆనాటి మౌనము నాకింకను జ్ఞప్తి యున్నది.

తరువాత డిస్కులు వచ్చినవి, ఇంటర్నెట్టు వచ్చినది. ఒక్కొక్క చిత్రమును చూచి ఆమె తీర్పులను సరిచూచుకొంటిని. రాబర్టు ఆల్ట్‌మన్ తీసిన 'నాష్‌విల్' (1975) ఇంకను కూర్పు పూర్తికాకముందే చూచి, విడుదలకు నెలలు ముందుగా ఆమె ఆకాశమున కెత్తెను. తక్కిన విమర్శకులకు కోపము వచ్చినది. నేను చూచి ఆమె పక్షమే వహించితిని. ఇరువదినలుగురు మనుష్యులు, ఎవరి దారి వారిది. తిరునాళ్ళలో నిలుచున్నవాడు ఎవరి కథయు తుదముట్ట వినకయే తిరునాళ్ళ నంతటిని చూచినట్లు ఆ చిత్రము నడచును. మఱియొక సంపుటమున 'డర్టీ హ్యారీ' (1971) అను పోలీసు చిత్రమును గూర్చి వ్రాసినది. నేర్పుగా తీసిరని యొప్పుకొనుచునే, చట్టమును న్యాయమునకు అడ్డంకిగా చూపు ఆ తలంపును ఆమె ఫాసిజమునకు బంధువని నిరసించెను. మన చిత్రములలోను ఖాకీ దుస్తులవాడు కోర్టును వెక్కిరించి తుపాకి పేల్చినప్పుడు మా పదవ తరగతి పిల్లలు ఈలలు వేయుదురు. నా చేతులును చప్పట్లకు లేచినవి. ఆ చేతులను నేను సందేహింప నేర్చినది ఈమె వలననే.

అన్నిట నేకీభవింపలేదు. కూబ్రిక్ తీసిన 'బారీ లిండన్' (1975) ఆమెకు చల్లబడిన అన్నమువలె తోచినది. కొవ్వొత్తుల వెలుగున తీసిన ఆ గదులను నేను రెండుమార్లు చూచితిని. ఆమె మాత్రము ఏ చిత్రమును రెండవమారు చూడనని చెప్పుకొనెడిది. శాకుంతలము నాల్గవ యంకమును ఎన్ని మార్లు చదివితినో లెక్కలేని నాకు ఈ మాట నేటికిని మ్రింగుడుపడదు.

ఇక అసలు సంగతి. ఆ గ్రంథమున నేను అన్నిటికంటె ఎక్కువసారులు చదివినది 'లాస్ట్ టాంగో ఇన్ పారిస్' విమర్శ. ఇటలీ దర్శకుడు బెర్టొలూచ్చీ తీసిన యీ చిత్రమును 1972 అక్టోబరు 14న న్యూయార్కు చిత్రోత్సవపు కడపటి రాత్రి చూచి, ఆ తేదీని 1913లో స్ట్రావిన్‌స్కీ నృత్యసంగీతము పారిస్ సభను అల్లకల్లోలము చేసిన తేదీతో ఆమె సమానముగ నిలిపెను. భార్య ఆత్మహత్య చేసికొనగా కుమిలిపోవు నడివయసువాడు, పేరు చెప్పుకొనక ఒక యువతిని ఖాళీ యింట కలిసికొనుట కథ. నటుడు మార్లన్ బ్రాండో. ఇటలీ న్యాయస్థానము 1976లో ఇది అశ్లీలమని ప్రతులను నాశనము చేయుమన్నది. నేను కళ పక్షమున నిలిచితిని. శయ్యను, చుంబనమును రంగముపై చూపరాదని భరతుడు నిషేధించిన మాట యెఱుగుదును. కాని అభినవగుప్తుని ఆశ్రయించి, నాట్యములోని శోకము లౌకికశోకము కాదనియు, అది యెవ్వరి సొంతమును కానందుననే మనకు రసమగుచున్నదనియు వాదించితిని. వాదము నాకే ముచ్చటగా నుండెను.

ఆ యువతి పేరు మరియా ష్నైడర్. చిత్రీకరణము మొదలగు నాటికి 19 ఏండ్లది; బ్రాండోకు 47. బలాత్కార మనదగిన ఒక దృశ్యమున వెన్న నుపయోగించుట వ్రాతలో లేదనియు, తనకు చివరి నిమిషమున చెప్పిరనియు, తెరపై కనబడు కన్నీరు నిజమైన కన్నీరే యనియు, తాను అవమానపడితిననియు ఆమె 2007లో చెప్పినది. ఆ కార్యము నటనమే. అవమానము నటనము కాదు. 2011లో ఆమె మరణించెను. ఆమెనుండి నటి ప్రతిస్పందమును గాక ఆడపిల్ల ప్రతిస్పందమును కోరి వెన్నమాట దాచితినని దర్శకుడు 2013లో ఒప్పుకొనెను. తప్పు తోచుచున్నది గాని పశ్చాత్తాపము లేదనెను. 2016లో ఆ మాటలు లోకమంతట ప్రాకినప్పుడు, దృశ్యము ఆమెకు ముందే తెలుసుననియు దాచినది వెన్న యొక్కటియే యనియు సమాధానము చెప్పెను.

అశ్లీలమన్న న్యాయస్థానము ఆ పిల్ల నడుగలేదు. కళ యన్న మేమును అడుగలేదు.

నా కుమార్తె డిగ్రీ చదువుచున్నది. మొన్న సెలవులకు వచ్చి నా బీరువాలోనుండి 'రీలింగ్' తీసి, ఆ వ్యాసము తుదివఱకు చదివినది. సంగతియంతయు ఆమెకు ముందే తెలియును. కేల్ దొరసానిని నిందించునని యనుకొంటిని. నిందింపలేదు. "నాన్నగారూ, 1972లో ఈవిడకు తెలియదు. మీకు 2016లోనే తెలుసు కదా. ఆ తరువాత ఈ వ్యాసం ఎవరికైనా చదివి వినిపించారా?" అని యడిగినది.

వినిపించితిని. నిరుటేడు, ఆంగ్లవచనమునకు మాదిరి యని, ఇద్దఱు క్రొత్త ఉపాధ్యాయులకు. వాక్యముల నడకను గూర్చి గంటసేపు చెప్పితిని. ఆ పిల్లను గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. మఱచితినని యమ్మాయితో అనబోయి మానుకొంటిని, మఱవలేదు. చెప్పినచో నా పాఠము పాడగునని తోచినది. అంతియే.

అమ్మాయికి 19 ఏండ్లు. నాకు 47.

ఆ రాత్రి పుస్తకము తెఱచితిని. విద్యార్థిదశలో ఎఱ్ఱపెన్సిలుతో గీచిన గీతలు వెలిసిపోలేదు. బ్రాండోను గూర్చిన పుటలనిండ గీతలే; అంచులలో నా శ్లాఘనములు, ఒకచోట 'రసధ్వని' యని కూడ వ్రాసియున్నది. మరియా పేరు వచ్చిన చోట్ల వెదకితిని. ఒక్క గీతయు లేదు. ఉదయమున అమ్మాయి పుస్తకమును తన సంచిలో పెట్టుకొని పోయినది. నేను అడుగలేదు.