మా కుందారపల్లి ఇల్లు

మన కాలనీలో చాలామంది నన్ను అడుగుతున్నారు, "నాలుగు నెలలు కనబడలేదే, యాడికి పోయినావు?" అని. మా ఊరికి పోయినాను. పడిపోయిన మా ఇంటిని నిలబెట్టి వచ్చినాను. ఒక్కొక్కరికి చెప్పేదానికంటే పత్రికలో రాయమన్నారు మన సంపాదకులు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే మన్నించండి.

మా ఊరు కుందారపల్లి. బెంగుళూరు నుంచి కృష్ణగిరి బస్సు ఎక్కితే, హోసూరు, సూళగిరి దాటినాక, కృష్ణగిరి రాకముందే కుందారపల్లి కూట్రోడ్డు వస్తుంది. ఆడ దిగాల. శుక్రవారం పోతే దారి అడిగే పని లేదు. మేకలు, గొర్రెలు ఎటు పోతుంటే అటు పోతే చాలు. మా శుక్రవారం సంత అంత పెద్దది. బక్రీదు ముందు, దీపావళి ముందు కాలు పెట్టేదానికి చోటు ఉండదు. తమిళం, తెలుగు, కన్నడం మూడిట్లోనూ బేరాలు జరుగుతాయి. ముందు మాది ధర్మపురి జిల్లా. 2004లో కృష్ణగిరి జిల్లా వేరే అయింది. జిల్లా ఏదైనా, రాష్ట్రం ఏదైనా, మా ఇంట్లో మాట మాత్రం తెలుగే. ఈ నేలను మొరసునాడు అనేది పాతవాళ్ల అలవాటు.

ఇల్లు మా తాత కట్టించింది. అడుగున మోకాలెత్తు రాతి కట్టు. దాని మీద ఒకటిన్నర అడుగు మందం మట్టి గోడ. గోడకు సున్నం. పైన వేప దూలం, వాసాలు, నాటు పెంకులు. ముందర తిన్నె. ఆ తిన్నె మీదనే మా నాయన పండుకునేది, చుట్టాలు వస్తే కూర్చునేది, సంతకు వచ్చినవాళ్లు మేకను కట్టేసి మంచినీళ్లు అడిగి తాగిపోయేది. ఎండాకాలం మధ్యాన్నం కూడా లోపల చల్లగా ఉండేది. ఫ్యాను లేదు, అవసరమూ రాలేదు.

నేను మిల్లులో మగ్గం ఖాతాలో 31 ఏండ్లు పని చేసినాను. మిల్లు మూసినాక సెటిల్‌మెంటు డబ్బు చేతికి వచ్చింది. అమ్మ ఇంకా ఊర్లో ఆ ఇంట్లోనే ఉండేది. "కొడుకు పట్నంలో ఉన్నాడు, తల్లి మట్టింట్లో ఉంది" అని ఎవరో అన్నారంట. నాకు రోషం వచ్చింది. 2009లో పోయి గోడలకు లోపలా బయటా సిమెంటు పూయించినాను. నేల మీద కూడా సిమెంటే. నున్నగా, బూడిద రంగులో పట్నం ఇల్లు మాదిరి కనబడింది. అమ్మ మాత్రం ఒకటే మాట అనింది: "గోడకు ఊపిరి ఆడదేమో రా." నేను నవ్వినాను. గోడకు ఊపిరేంది అనుకున్నాను.

రెండేండ్లకు అడుగున తేమ మరకలు మొదలైనాయి. ఐదేండ్లకు సిమెంటు పొరలు పొరలుగా ఉబ్బింది. తట్టితే డొల్ల శబ్దం. ఉబ్బిన చోటల్లా మళ్లీ సిమెంటే పూయించినాను. 2021 నవంబరు వానలకు ఒక రాత్రి పడమటి గోడ ఒక పక్క కూర్చుండిపోయింది. ఆ గోడ పక్కనే అమ్మ మంచం. ఆ రాత్రి అమ్మ పక్కింట్లో చావుకు పోయి ఉండింది కాబట్టి బతికింది. పొద్దున పోయి చూస్తే సిమెంటు పెచ్చు పలక మాదిరి గట్టిగా పడి ఉంది. దాని వెనక మట్టి మాత్రం నీళ్లు తాగి బురద అయిపోయింది. నేల నుంచి గోడలోకి ఎక్కిన తేమ బయటికి పోయే దారి లేక లోపలే నిలిచింది. ఆ దారి మూసింది నేనే.

అమ్మను కాలనీకి తీసుకొచ్చినాను. ఇంటిని ఏం చేసేది అని నేను, మా తమ్ముడు మాట్లాడుకున్నాము. తమ్ముడు అన్నాడు, "పడగొట్టి, ముందర రెండు అంగళ్లు కడితే బాడిగ వస్తుంది. సంత ఊరు కదన్నా." ఆ మాటలో తప్పు లేదు. వానికి ఇద్దరు ఆడబిడ్డలు. నేనూ సరే అనేవాడినే. ఇంతలో రెండు సంగతులు జరిగినాయి.

ఒకటి, చెన్నైలో మా అక్క మనవరాలి పెండ్లికి పోయినప్పుడు ముట్టుకాడులో ఉండే దక్షిణచిత్రకు తీసుకుపోయినారు. సముద్రం పక్కన, మహాబలిపురం పోయే రోడ్డు మీద ఉంది. 1996లో తెరిచినారంట. దక్షిణాది రాష్ట్రాల పాత ఇండ్లు ఆడ నిలబెట్టినారు. పడగొట్టబోయే ఇండ్లను కొని, దూలాలు, స్తంభాలు, తలుపులు విప్పి, లారీల్లో తెచ్చి, ఆ పని తెలిసినవాళ్లతోనే మళ్లీ కట్టించినారు. చెట్టినాడు షావుకారి ఇల్లు ఉంది. కన్నడ దేశపు ఇళకల్ చీరలు నేసేవాళ్ల రాతి ఇల్లు ఉంది. అంతా చూసి తెలుగువాళ్ల పక్కకు వస్తే, నల్గొండ సీమ ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు. లోపల మగ్గం. టిక్కెట్టు కొని, జనం వరసగా నిలబడి, ఒక మగ్గం మనిషి ఇంటిని చూస్తున్నారు. నేను మాత్రం ఇట్లాంటి ఇంటిని పడగొట్టేదానికి జేసీబీ బాడిగ ఎంతని అడిగి పెట్టుకున్నాను. ఆ పొద్దు తిన్న అన్నం సహించలేదు.

రెండోది, మనవరాలు ఫోనులో చూపించింది. ఇటలీ దేశంలో మతేరా అని ఒక ఊరు. కొండను తొలిచి, ఆ రాతితోనే ముందర గోడలు కట్టిన ఇండ్లు. బీదవాళ్లు గొడ్లతో కలిసి వాటిలోనే ఉండేవాళ్లు. అది దేశానికే అవమానమని 1952లో చట్టం చేసి సుమారు 15,000 మందిని కొత్త ఇండ్లకు పంపించినారు. ఊరు పాడుపడింది. తర్వాత మెల్లగా, ఆ రాయి, ఆ సున్నం పనితోనే బాగుచేసుకుంటూ వచ్చినారు. 1993లో యునెస్కోవాళ్లు ప్రపంచ వారసత్వ స్థలంగా పేరు రాసుకున్నారు. ఇప్పుడు అవే ఇండ్లలో బాడిగకు ఉండేదానికి దేశాల నుంచి జనం వస్తున్నారంట. "తాతా, వాళ్లదీ మట్టిల్లు మాదిరే కదా" అనింది మనవరాలు. "మాదిరే" అన్నాను.

గొప్పవాళ్ల ఇండ్లు చూసేదానికి సర్కారు ఉంది. మా హోసూరు పక్కన తొరపల్లిలో రాజాజీ గారు 1878 డిసెంబరు 10న పుట్టిన ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు. మన ఇంటికి మనమే సర్కారు. తమ్ముడిని కూర్చోబెట్టి మాట్లాడినాను. "పెరటి పక్క రోడ్డు మీదికి ఒక అంగడి కట్టుకో. బాడిగ అంతా నీదే. ఇల్లు మాత్రం ఉండనీ. బాగుచేసే ఖర్చు నాది" అన్నాను. వాడు మూడు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు.

అసలు కష్టం డబ్బు కాదు, పని తెలిసిన మనిషి. ఊర్లో మేస్త్రీలు పదిమంది ఉన్నారు. సున్నం పని అంటే అందరూ నవ్వినారు. చివరికి వేపనపల్లి పక్క పల్లెలో ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసింది. డెబ్బై దాటినాయి, కన్ను సరిగా తెలియదు. ఆయన వచ్చి గోడను అరచేత్తో తడిమి, "ఏమప్పా, దీనికి సిమెంటు పూసిన పుణ్యాత్ముడు ఎవరు?" అన్నాడు. నేనే అని చెప్పినాను. "అయితే గీకే పని నువ్వే చెయ్యి" అన్నాడు. పన్నెండు రోజులు ఉలి, సుత్తి పట్టుకుని సిమెంటు నేనే గీకినాను.

పడిన గోడ మట్టిని పారేయలేదు. ఎండబెట్టి, దంచి, చెరువు మట్టి కలిపి, గడ్డి తరిగి వేసి, నీళ్లు పోసి నాననిచ్చి తొక్కినాము. ఒక వరస పెట్టి అది ఆరినాకనే ఇంకో వరస. తొందరపడితే గోడ జారుతుంది. రాతి కట్టులో పగిలిన బండలు మార్చేదానికి వడ్డెరలు వచ్చినారు. మా సీమలో రాయి కొట్టే వాళ్ల ఇంటి మాట కూడా తెలుగే. బండ మీద వరసగా గుంటలు తొలిచి, ఇనుప చీలలు దిగేసి, ఒక్కొక్క దాని మీద మెల్లగా కొట్టుకుంటూ పోతే రాయి గీత గీసినట్టు చీలుతుంది. మందుగుండు లేదు, మిషను లేదు.

సున్నం సంగతి వివరంగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కాల్చిన సున్నపు రాళ్ల మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతాయి. పిల్లలను దగ్గరికి రానీయకూడదు, కండ్లలో పడితే చూపు పోతుంది. అట్ల విరిసిన సున్నాన్ని గుంటలో నీళ్ల కింద నాననివ్వాల. ఎంత నానితే అంత వెన్న మాదిరి అవుతుంది. మేము నెల రోజులు పెట్టినాము. తర్వాత ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక. ముందు కాలంలో ఎద్దును కట్టి రాతి చక్రంతో గానుగ ఆడించేవాళ్లు. మేము రోట్లో దంచినాము. కలిపేదానికి ఉత్త నీళ్లు కాదు. కరక్కాయలు నలగ్గొట్టి, బెల్లం వేసి, రోజుల తరబడి నానబెట్టిన నీళ్లు. చెట్టినాడు ఇండ్లలో పై పూతకు కోడిగుడ్డు తెల్లసొన కూడా కలిపేవాళ్లు. మాకు అంత దర్జా అవసరం లేకపోయింది.

ఈ పూత సిమెంటు మాదిరి ఒక రాత్రిలో గట్టిపడదు. గాలిని పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయి అవుతుంది. గోడలో తేమ ఉంటే బయటికి వదిలేస్తుంది. అమ్మ చెప్పిన ఊపిరి ఇదే. పెద్దాయన ఇది వివరించినప్పుడు నాకు మగ్గం గుర్తుకు వచ్చింది. పడుగులో ఒక పోగు తెగితే మనం ఏం చేస్తాము? అదే నంబరు నూలు తెచ్చి ముడి వేస్తాము. బలంగా ఉంటుందని లావు దారం వేస్తే అచ్చులో తగులుకుంటుంది, పక్క పోగులు కూడా తెగుతాయి. 31 ఏండ్లు చేసిన పనే. నా ఇంటి దగ్గర మాత్రం మరిచిపోయినాను.

పెంకులు కొత్తవి దొరకలేదు. కుమ్మరివాళ్లు నాటు పెంకులు చేసేది మానేసినారు. ఊర్లో మూడు ఇండ్లు పడగొడుతుంటే పోయి అడిగి తెచ్చుకున్నాము. వెనక గదికి చాలలేదు. దానికి ఇప్పటికి రేకులే ఉన్నాయి. కోతులు పెంకులు కదిలించే బాధ కూడా తప్పలేదు, ఏటా ఒకసారి ఎక్కి సర్దాల్సిందే. కూలి రోజులు లెక్కేస్తే సిమెంటు పని కంటే మూడింతలు పట్టినాయి. ఇవన్నీ దాచకుండా చెప్తున్నాను.

పెద్దాయన దగ్గర పని నేర్చుకునేదానికి ఎవరూ రాలేదు. మా తమ్ముని చిన్న కూతురు మాత్రం రోజూ వచ్చి సున్నం కలిపేది చూసేది. కొలతలన్నీ నోటుబుక్కులో రాసుకునింది. చివరి వారం తాపీ ఆమె చేతికే ఇచ్చినాడు. తిన్నె పక్క గోడ ఆమె పూసిందే. కొంచెం ఎగుడుదిగుడు ఉంది. దాన్ని సరిచేయొద్దని నేనే చెప్పినాను.

అమ్మను ఉగాది ముందు తీసుకుపోయినాము. గోడను చేత్తో తాకి చూసింది. ఏమీ అనలేదు. మంచం మళ్లీ పడమటి గోడ పక్కనే వేయమనింది.

మీ ఊర్లో కూడా పాత ఇల్లు ఉంటే, పడగొట్టే ముందు ఒకసారి ఆ గోడ దేనితో కట్టినారో చూడండి. ఆ పని తెలిసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారేమో విచారించండి. ఇటుపక్క వస్తే మా ఇంటికి రండి. శుక్రవారం వస్తే సంత కూడా చూడొచ్చు. తిన్నె ఖాళీగానే ఉంటుంది.