కోరంగి రేవు

జహీరాబాదు పట్టణమునకు సముద్రము మిక్కిలి దూరము. అచటి బాలబాలికలలో పెక్కండ్రు ఓడను పుస్తకములోని బొమ్మగానే చూచియుందురు. అయినను ఆ ప్రాంతమున కురిసిన వాన నీరు సముద్రపు దారి నెరుగును. అది వాగులలో బడి మంజీరను చేరును. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. గోదావరి ధవళేశ్వరము దాటిన పిదప చీలి, ఒక పాయ గౌతమి యను పేర యానాము మీదుగా కడలిని చేరును. ఆ గౌతమి శాఖలలో నొకటి కోరంగి. నీటితోపాటు మెట్టభూముల ఎఱ్ఱమట్టియు కొట్టుకొనిపోవును. ఆ మట్టి ఒక రేవును మూసినది, ఒక రేవును కాచినది, ఒక యడవిని పెంచినది. కావున కోరంగి కథ తీరవాసులదే కాదు, ఎగువవారిది కూడ.

కోరంగి కాకినాడకు దక్షిణముగా, 20 కిలోమీటర్ల లోపున నున్నది. నేడు బాటసారికి అది సామాన్యమైన పల్లెగా కనబడును. కాని 18వ శతాబ్దిలో అది తూర్పుతీరమున పేరు గన్న ఓడరేవు. దానికి చేరువనే ఇంజరమున ఇంగ్లీషువారును, యానామున ఫ్రెంచివారును, నేటి కాకినాడలో భాగమైన జగన్నాథపురమున డచ్చివారును వర్తకస్థానము లేర్పరచుకొనిరి. ఈ సీమ నేతగాండ్రు నేసిన వస్త్రములు ఓడల కెక్కి దూరదేశములకు పోయెడివి. పోవుటకు ఓడలు కావలెను గదా! మన్యపు కొండలలోని టేకు దుంగలు తెప్పలుగా కట్టబడి గోదావరి వెంట దిగివచ్చెడివి. ఏటిముఖమున అలల తాకిడి తక్కువ. పనితెలిసిన వడ్రంగులు అచటనే యుండిరి. కలప, నెమ్మదియైన నీరు, నేర్పరియైన చేయి, ఈ మూడును ఒకచోట కూడుటచే కోరంగి ఓడల పుట్టినిల్లయ్యెను.

ఆ వైభవమునకు తొలి దెబ్బ 1789 డిసెంబరులో తగిలినది. పెనుగాలితో కూడి మూడు మహాతరంగములు ఒకదాని వెనుక నొకటి ఊరిపై విరుచుకొనిపడెను. లంగరు వేసిన ఓడలు నేలపైకి ఈడ్వబడెను. వేలకొలది జనులు మృతినొందిరి. ఆ కథను హెన్రీ పిడింగ్టన్ అను పండితుడు పిమ్మట గ్రంథస్థ మొనర్చెను. పాము చుట్టవలె తిరుగు ఈ గాలివానలకు ‘సైక్లోను’ అను పేరు పెట్టినవా డాతడే. 1848లో నావికులకొఱకు తాను ప్రకటించిన పుస్తకమున ఆ మాటను వాడెను. కోరంగిని ముంచిన దానివంటి గాలివానలను గూర్చిన పరిశోధనయే లోకమున కీ మాట నిచ్చినదన్నమాట.

కోరంగి ప్రజలు మరల ఇండ్లు కట్టుకొనిరి, మరల ఓడలు కట్టిరి. 1839 నవంబరులో మరియొక తుపాను వచ్చి ఊరిని తుడిచిపెట్టినంత పని చేసినది. అయినను రేవు నశించుటకు గాలివానలు మాత్రమే కారణములు కావు. తుపాను ఒక్క రాత్రిలో కొట్టును. ఒండ్రుమట్టి ఏటేట మెల్లగా పూడ్చును. గోదావరి తెచ్చిన మేట ఏటిముఖమును నింపగా పెద్ద ఓడలు లోనికి రాలేకపోయెను. వర్తకము కాకినాడకు తరలినది. పెద్ద శత్రువును తట్టుకొనిన ఊరు, చప్పుడు లేని చిన్న శత్రువునకు లోబడినది.

అదే మట్టి మరియొకచోట మేలొనర్చుట విశేషము. నది తెచ్చిన ఇసుకయు ఒండ్రును కడలిలో కూడి, సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఒక సన్నని దిబ్బ యయ్యెను. దానికే ‘హోప్ ఐలెండు’ అని పేరు. అది కాకినాడ అఖాతమునకు అడ్డుగోడవలె నిలిచి అలల ఉద్ధృతిని ఆపుచున్నది. కోరంగి పోగొట్టుకొనిన రక్షణ కాకినాడకు లభించినది.

రేవు పోయినను పేరు పోలేదు. బర్మాలో తెలుగువారిని ‘కొరంగీ’లని పిలిచెడివారు. కోరంగి నెన్నడును చూడని విశాఖవాసికిని, గంజామువాసికిని ఆ దేశమున అదే పేరు. ఒక చిన్న రేవు ఒక జాతికే పేరగుట కంటె ఓడల ఘనతకు వేరు సాక్ష్య మేల?

నేడు కోరంగికి పోవువారు చూడదగినవి పెక్కు గలవు. మొదట తాళ్ళరేవు. పూర్వము బర్మాకును, సింహళమునకును సరకు మోసిన తెరచాప దోనెలను ఇచటి వడ్రంగులు కట్టిరి. కాగితముపై పటము గీయకయే, తండ్రి కొడుకునకు చూపిన కొలతలతో, వెన్నుగర్ర నిలిపి, దానికి పక్కటెముకలవలె వంపుకఱ్ఱలు చేర్చి, పైని పలకలు బిగింతురు. పలకల సందులలో ప్రత్తిగాని నారగాని దూర్చి, నీరు చొరకుండ పూత పూయుదురు. పెద్ద దోనెల కాలము గతించినను, చేపలవేటకు పోవు పడవల నిర్మాణములో ఆ నేర్పు మిగిలియున్నది. ఈ పని జరుగుచోట గడియసేపు నిలిచి చూచినవానికి, చదువు పుస్తకములలోనే లేదని బోధపడును.

పిమ్మట మడ అడవి. 1978లో ప్రభుత్వము దీనిని అభయారణ్యముగా ప్రకటించినది. విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చెట్లనడుమ కఱ్ఱలతో కట్టిన కాలిబాటపై నడచుచు లోని వింతలను చూడవచ్చును. బురదలో గాలి చొరదు. అందుచే నల్లమడ, తెల్లమడ చెట్ల వేళ్ళు నేలనుండి మేకులవలె పైకి లేచి ఊపిరి పీల్చును. ఉప్పుపొన్న మ్రానునుండి ఊతకాళ్ళు దించి నిలుచును. తిల్లచెట్టు పాలు కంటబడిన ప్రమాదము, కావున కొమ్మలు విరువరాదు. నీటికుక్కలును, చేపలు పట్టి తిను బావురుపిల్లులును ఇచట నివసించును. హోప్ ఐలెండు ఇసుకలో సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును.

చుట్టుప్రక్కల చొల్లంగి కలదు. పుష్యమాసపు అమావాస్యనాడు వేలాది జనులు అచట సముద్రస్నానము చేయుదురు. యానాము కలదు. అది 1954లో ఫ్రెంచి పాలననుండి విముక్తినొంది, నేడు పుదుచ్చేరిలో భాగముగ నున్నది. పంచారామములలో నొకటియైన ద్రాక్షారామ భీమేశ్వరాలయము కలదు. దాని గోడలపైని శాసనములు చరిత్రకారులకు పెన్నిధి.

ఈ స్థలములను చూచి సంతోషించుట మాత్రమే చాలదు. మడచెట్లు అలల వేగమును తగ్గించును. వాటి వేళ్ళు మట్టిని పట్టియుంచును. 1789లో ఊరిని ముంచిన కడలి నేడును అచటనే యున్నది. 1996 నవంబరులో కోనసీమపై విరుచుకొనిపడిన తుపాను ఆ సంగతిని మరల జ్ఞప్తికి తెచ్చినది. వంటచెఱకునకై మడను నరికినవాడు గ్రామపు కోటగోడను పడగొట్టినవాడగును. యాత్రికుడు పారవేసిన ప్లాస్టిక్ సంచి ఊపిరి వేళ్ళకు చుట్టుకొని చెట్టును ఉక్కిరిబిక్కిరి చేయును.

ఇంకొక చింతయు కలదు. ఒకప్పుడు మట్టి యెక్కువై రేవు పూడినది. నేడు నదులపై కట్టిన ఆనకట్టలు మట్టిని ఎగువనే ఆపుటచే, తీరమును నిలుపు ఒండ్రు తగ్గుచున్నది. ఆనకట్టలు వలదనలేము. అవి పొలములకు ప్రాణము. కాని ఎగువవారి ప్రతి పనికిని దిగువన ఫలితముండునని మరువరాదు. జహీరాబాదు వాగులో పడిన చెత్త అచటనే యుండునని తలచుట పొరపాటు. నదికి ఊరూరికి మధ్య గోడలు లేవు.

ఓడలు కట్టినవారి పేర్లు చరిత్రలో నిలువలేదు. వారు నిలబెట్టిన విద్య ఇంకను కొందరి చేతులలో నున్నది. వారిని కాచిన అడవియు నున్నది. ఈ రెండింటిని ముందుతరమునకు అందజేయుట, కోరంగిని చూడబోవు ప్రతివానికిని, చూడక ఎగువననే యుండు ప్రతివానికిని విధి.