తోట దారిలో ఎలుగుబంటి



శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమును చూచినవారికి ఆ ప్రాంతమును వర్ణింపనక్కరలేదు. చూడనివారి కొరకు రెండు మాటలు వ్రాయుదును. వజ్రపుకొత్తూరు మొదలు సోంపేట, కవిటి వరకు సముద్రపు ఒడ్డున కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలు దట్టముగా నుండును. ఉద్యానవనమను మాటయే జనుల నోట ఉద్దానమైనదందురు. ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవు అడ్డదారులు ఆ తోటల నడుమనుండియే పోవును. ఎలుగుబంట్లును ఆ తోటలలోనే తిరుగును. వాటిని చూచుటకు మహారణ్యమునకు పోనక్కరలేదు. పనసపండు వాసన తగిలిన మన పెరటిలోనికే వచ్చును.

నేను డెల్టా గ్రామములో పుట్టినవాడను. చిన్నతనమున మా ఊరికి ఎలుగుబంటిని ఆడించువాడొకడు వచ్చుచుండెను. దాని మూతికి త్రాడు కట్టి యుండెను. జడుసుకొన్న పిల్లలను దాని వీపుమీద కూర్చుండబెట్టి, తాయెత్తు కొరకు ఒక వెంట్రుక పెరికి యిచ్చి, తల్లులయొద్ద బియ్యము పుచ్చుకొనెడివాడు. నన్నును అట్లే ఎక్కించిరి. అటువంటి ఎలుగుల పళ్ళు ఊడగొట్టెడివారని పెద్దవాడనైన పిదప తెలిసికొంటిని గాని, ఎలుగుబంటి యనగానే నా మనస్సున మెదలునది ఆ తల వంచుకొన్న జంతువే.

ఆ జ్ఞానముతోనే ఉద్దానములో కాపరిగా అడుగు పెట్టితిని. మొదటి వేసవిలో ఒక ఆదివారము, సింహమును ఎలుగుబంటిని చంపిన దావీదును గూర్చి ప్రసంగించుచు, ఉత్సాహము హెచ్చి, “విశ్వాసియైనవాడు ఎలుగుబంటికి జడియునా?” అని గట్టిగా అడిగితిని. మందిరములో ఒక్కరును ఆమేన్ అనలేదు. సంఘము చల్లారి యున్నదని తలంచితిని. ఇప్పుడు దానిని వ్రాయుటకు సిగ్గగుచున్నది.

మరుసటి వారమున మా సంఘస్థుడైన ఒక కూలివాడు, జతగాండ్రు ఆలస్యము చేసిరని, చీకటియుండగనే ఒంటరిగా జీడిపిక్కలేరుటకు వెళ్ళెను. జీడిపండ్లు రాలియున్న చెట్టు క్రింద ఎలుగు మేయుచుండెను. ఇద్దరికిని మధ్య నాలుగు బారల దూరమైనను లేదట. నేను ఆసుపత్రికి వెళ్ళునప్పటికి అతని ముఖములో సగము కట్టు క్రింద నుండెను. ఒక కన్ను పోయెను. ప్రార్థన చేయుదునని నోరు తెరచితిని గాని మాట రాలేదు. అతడే మాటలాడెను.

“అయ్యగారూ, మీరు చెప్పినట్టే జడవకూడదనుకున్నాను. గానీ దావీదు దగ్గర కర్రయినా ఉండుంటాది. నా దగ్గర పిక్కల సంచే ఉంది.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండినయెడల నాకు సులువుగా నుండెడిది.

అతని మామగారు తోటలు కాయు వృద్ధుడు. ఆసుపత్రి వరండాలో నా ప్రక్కన కూర్చుండి, నేను అడుగకమునుపే, “అది మనల్ని తినడానికి రాదు బాబూ. మనమే చూసుకోకుండా దాని మీదకి వెళ్ళిపోతాం” అనెను. అటుపిమ్మట నెల దినములు నేను ఆయన వెంట తోటలలో తిరిగితిని. సెమినరీలో హెబ్రీ భాష నేర్చుకొంటిని గాని, నా సంఘస్థులు నడచు దారిని గూర్చి ఈ వృద్ధునియొద్దనే నేర్చుకొంటిని.

ఎలుగుబంటికి ముక్కు మిక్కిలి చురుకైనది. కండ్లును చెవులును అంత చురుకైనవి కావు. చెదలు, చీమలు, పండ్లు, తేనె దాని ఆహారము. పై దవడలో నడిమి రెండు ముందు పళ్ళు దానికి లేవు. ఆ సందుగుండ పుట్టలోని చెదలను లోపలికి పీల్చుకొనును. ఆ పీల్చు చప్పుడు నూరు గజములకు పైగా వినబడును. తన చప్పుడులో అది మన అడుగుల చప్పుడు వినదు. గాలి దానివైపునుండి మనవైపునకు వీచుచుండిన మన వాసనయు దానికి తగలదు. ఇసుక దారిలో వట్టి కాళ్ళతో మౌనముగా వచ్చు మనుష్యుడు దానికి అకస్మాత్తుగా ఎదుట నిలిచినట్లే యుండును. లేడియైన పారిపోవును. ఎలుగు అట్లు చేయదు. పులియు చిఱుతయు ఉన్న అడవులలో పెరిగిన జాతి యది. పులిని మించి పరుగెత్తలేదు, చెట్టెక్కినను చిఱుతయు ఎక్కును. గనుక తిరుగబడుటయే దాని స్వభావమైనదని జంతుశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అది మీద పడినప్పుడు ఎక్కువగా తలయు ముఖమును గాయపడును.

పిల్లలు సాధారణముగా చలికాలమున పుట్టును. కొన్ని నెలలు తల్లి వాటిని వీపుమీద మోసికొని తిరుగును. మన జీడి కోతలకాలమున అవి దాని వీపుమీదనే యుండవచ్చును. పిల్లలను పోగొట్టుకొన్న ఎలుగుబంటిని గూర్చి సామెతల గ్రంథములోను, సింహమునుండి తప్పించుకొని ఎలుగుబంటికి ఎదురుపడిన మనుష్యుని గూర్చి ఆమోసు గ్రంథములోను ఉన్నది గదా. వాటిని నేను ఉపమానములుగానే చదివితిని. ఆమోసు మందలు కాచినవాడు; ఆయనకు దారి తెలియును.

ఆ వృద్ధుడు ఎన్నడును తోటలో ఊరక నడువడు. దగ్గును, పాడును, లేని మనుష్యునితో మాటలాడును, కొబ్బరి మ్రానును కర్రతో తట్టును. కర్రకు మువ్వలు కట్టుకొనెను. పూర్వకాలమున తపాలా మోయువారు గజ్జెలు కట్టిన ఈటె పట్టుకొని అడవి దారిని పరుగెత్తినదియు ఇందుకొరకే. పొదల మలుపులోను, రాతి గుహల దగ్గరను ఆయన నిలిచి, గట్టిగా అరచి, పిమ్మట ముందుకు సాగును. సూర్యోదయమునకు ముందు, సూర్యాస్తమయము తరువాత తోటకు పోడు. పనస తుక్కును ఇంటి దగ్గర పారవేయనియ్యడు.

దూరమునుండి ఎలుగు కనబడినయెడల దానిమీద రాళ్ళు రువ్వకుడి, సెల్ ఫోనుతో బొమ్మ తీయుటకు దగ్గరకు పోకుడి. దానికి దారి విడిచి మెల్లగా వెనుకకు జరుగుడి. పరుగెత్తకుడి; అది మనకంటె వేగముగా పరుగెత్తును. చెట్టెక్కకుడి, తేనె కొరకు చెట్లెక్కు జంతువది. మీద పడినయెడల బోర్ల పడుకొని, ముఖమును నేలకు ఆనించి, రెండు చేతులను మెడ వెనుక పెనవేసి, అది విడిచిపోవువరకు కదలక యుండవలెనని దానిని గూర్చి పరిశోధించినవారు చెప్పుచున్నారు. ఇది చెప్పుట సులభమే. ఆ గడియలో చేయుట యెంత కష్టమో నేనెరుగుదును. గాయమును సబ్బుతోను నీళ్ళతోను బాగుగా కడిగి ఆసుపత్రికి పోవలెను. టెటనస్ సూదియు, పిచ్చికుక్క కరచినప్పుడు వేయు రేబీసు టీకాయు వేయించుకొనవలెను. పసుపును ఆకు పసరును గాయములో నింపుకొని ఇంట కూర్చుండినవారిని చూచితిని, అట్లు చేయవద్దు.

2022 జూన్ నెలలో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగి దగ్గర ఒక ఎలుగుబంటి ఒక మనుష్యుని చంపి, మరి కొందరిని గాయపరచెను. మత్తు ఇచ్చి పట్టిన పిమ్మట అదియు చనిపోయెను. ఆ వారమున మా యువకులు కొందరు ఎలుగులన్నిటిని చంపివేయవలెననిరి. 1972 నాటి వన్యప్రాణి చట్టము అందుకు ఒప్పుకొనదు. అయినను వారితో చట్టమును గూర్చి వాదించుటకు నాకు మనసు రాలేదు. కన్ను పోయిన సహోదరుడు మాత్రము, “దాని చోట అది తింటంది. నేనే చీకట్లో వెళ్ళినాను” అని లేచిపోయెను.

ఇక మా ఈస్టరు సంగతి. జీడి కోతలును పునరుత్థాన పండుగయు ఇంచుమించు ఒకే కాలమున వచ్చును. పూర్వము మా సంఘము ఆ దినమున నాలుగు గంటలకే బయలుదేరి, తోటలగుండ సమాధుల స్థలమునకు పోయెడిది. నేను దానిని ప్రొద్దు పొడిచిన తరువాతకు మార్చితిని. సంఘ పెద్దలలో ఒకరు దీనిని సహింపరు. మగ్దలేనే మరియ ఇంకను చీకటిగా ఉండగనే వెళ్ళెనని యోహాను సువార్త తెచ్చి చూపుదురు. సూర్యోదయమైనప్పుడని వ్రాసిన మార్కు సువార్తను నేను చూపుదును. ఏటేట ఈ తర్కము జరుగుచునే యున్నది, ఆయన ఒప్పుకొనలేదు.

అయినను ఆ ఉదయమున అందరికంటె ముందు ఆయనే మువ్వల కర్ర పట్టుకొని మందిరము వాకిట నిలిచియుండును. డప్పు కొట్టువారు ముందు, పిల్లలు నడుమ, అందరును ఒకే గుంపుగా బిగ్గరగా పాడుచు పోవుదుము. ఆ సహోదరుడు రెండు సంవత్సరములు రాలేదు. మూడవ సంవత్సరము వచ్చెను. గుంపు నడుమను, తన మామగారి భుజము పట్టుకొని, కన్ను లేని ప్రక్కను గోడవలె ఆయనను నిలుపుకొని నడచెను.