ఎవరూ లేని ఇంట్లో వేడి నీళ్లు

మనాలీ కొండల్లోని సెలవుల ఇళ్లకు సెంట్రల్ హీటింగ్ వచ్చింది. బిగించడం పెద్ద పనేం కాదు. యజమాని లేని నెలల్లో కాపాడుకోవడమే కష్టం.

బియాస్ నది ఎడమ గట్టున మనాలీ నుంచి నగ్గర్ వెళ్లే రోడ్డు మీద జనవరిలో ప్రయాణిస్తుంటే ఏ ఇల్లు ఎవరిదో ఊళ్లోవాళ్లను అడగనక్కర్లేదు. పైకప్పు కేసి చూస్తే చాలు. గొట్టంలోంచి పొగ వస్తుంటే అది స్థానికుల ఇల్లు. రాకపోతే ఢిల్లీవాళ్లదో చండీగఢ్‌వాళ్లదో అయిన సెలవుల ఇల్లు. ఆకు రాలిన ఆపిల్ తోటల మధ్య నిలువెత్తు అద్దాలతో, రంగు రేకులతో, తాళాలతో అవి నిలబడి ఉంటాయి. ఈమధ్య మూడో రకం కూడా కనిపిస్తోంది. కట్టెల పొగ ఉండదు, మనిషి అలికిడి ఉండదు. కానీ పైకప్పు మీది మంచు మాత్రం పక్క ఇళ్లకంటే ముందే కరిగి చూరు నుంచి కారుతుంటుంది. లోపల ఎవరూ లేరు. ఇల్లు మాత్రం వెచ్చగా ఉంది.

కులు లోయలో సెలవుల ఇల్లంటే ఒకప్పుడు వేసవి ముచ్చటే. మాజీ ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి తరచూ వచ్చి సేదదీరిన ప్రీణి గ్రామం ఈ రోడ్డు పక్కనే ఉంది. మైదానాల్లో వడగాడ్పులు వీచే మే, జూన్ నెలల్లో వచ్చి, చల్లగాలి పీల్చి వెళ్లిపోవడం ఆనవాయితీ. చలికాలంలో ఆ ఇళ్లకు తాళం పడేది, అంతే. రోహ్‌తంగ్ కనుమ కింద సొరంగం తవ్వాలని 2000లో నిర్ణయించింది కూడా వాజ్‌పేయి ప్రభుత్వమే. 9.02 కిలోమీటర్ల ఆ సొరంగం ఆయన పేరుతోనే 2020 అక్టోబరు 3న ప్రారంభమైంది. అంతకుముందు మంచుతో నెలల తరబడి మూతపడే లాహౌల్ లోయకు చలికాలంలోనూ దారి దొరికింది. మంచు చూడడానికి జనం పోటెత్తడంతో మనాలీకి రెండో సీజన్ వచ్చింది. మే నెల కోసం కట్టిన ఇంటిని జనవరికి కూడా పనికిరమ్మని అడుగుతున్నారు యజమానులు. అన్నట్టు, వీళ్లంతా స్థలం కొన్నవాళ్లేమీ కాదు. 1972 నాటి హిమాచల్ కౌలు, భూసంస్కరణల చట్టంలోని 118వ సెక్షన్ ప్రకారం అక్కడ వ్యవసాయదారులు కానివారు భూమి కొనాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అందుకే లీజు ఇళ్లు ఎక్కువ. లీజు ఇంటికి ఇంత ఖర్చా అని అడిగితే, సొంతిల్లయితే మాత్రం ఎన్నాళ్లుంటామని ఎదురు ప్రశ్న వస్తుంది.

లంబసింగిలో పొగమంచు చూసి చలి తెలిసిందనుకునే మనకు ఈ హీటింగ్ వ్యవహారం కొత్త. అయితే మరీ అపరిచితం కాదు. మన పెద్దల ఇళ్లలో స్నానాల నీళ్లకు రాగి బాయిలర్ ఉండేది. మధ్యలో నిప్పులు వేసే గొట్టం, చుట్టూ నీళ్లు, కింద కుళాయి. కులు ఇళ్లలోనూ అచ్చం అలాంటిదే ఉంది, దాన్ని హమామ్ అంటారు. హైడ్రానిక్ హీటింగ్ అనే పెద్ద పేరు వెనక ఉన్నది కూడా ఇదే సూత్రం. తేడా ఏమిటంటే ఇక్కడ నీళ్లు బయటికి రావు. బాయిలర్‌లో కాగిన నీటిని చిన్న పంపు ఇల్లంతా తిప్పుతుంది. అవి గదుల్లోని రేడియేటర్లకో, నేల కింద పరిచిన ప్లాస్టిక్ పైపులకో వేడిని అప్పజెప్పి, చల్లబడి మళ్లీ బాయిలర్‌కు చేరతాయి. లీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడితే విడిచే వేడి మూడు వేల లీటర్లకు పైగా గాలిని ఒక డిగ్రీ వేడెక్కించగలదు. గాలిని ఊదే హీటర్లకంటే నీటినే మోతకు వాడుకోవడం అందుకే.

జగత్‌సుఖ్ సమీపంలో అలాంటి ఇల్లొకటి చూశాం. పైపుల పని చేసింది ఒడిశాలోని కేంద్రపడా జిల్లా మనిషి. దేశంలో ప్లంబింగ్ అంటే ఆ జిల్లా పేరే ముందు చెప్పుకుంటారు. పట్టాముండైలో ఆ పని నేర్పే ప్రభుత్వ సంస్థే ఉంది. ఉక్కపోత తప్ప తెలియని తీరప్రాంతం నుంచి వచ్చి హిమాలయాల్లో ఇళ్లు వెచ్చబరుస్తున్న ఆయనకు ఇందులో వింతేమీ కనిపించలేదు. ‘‘నీళ్లు ఎక్కడైనా నీళ్లే సాబ్. గాలి చొరబడితే ఆగుతాయి, చలి చొరబడితే గడ్డకడతాయి’’ అన్నాడు.

ఆ ఇంట్లో కింది అంతస్తు నేలలో, పై గదుల్లో రేడియేటర్లలో నీళ్లు తిరుగుతాయి. నేల పని చూస్తే ఓపిక ఎంత కావాలో తెలుస్తుంది. ముందు వేడి భూమిలోకి దిగకుండా థర్మోకోల్ లాంటి గట్టి పలకలు పరచాలి. వాటిపై జానెడు దూరంలో వరుసలుగా పైపు తిప్పాలి. ఒక్కో చుట్టు వంద మీటర్లు దాటకూడదు, దాటితే పంపు నెట్టలేదు. నేల కింద ఎక్కడా అతుకు ఉండకూడదు. తర్వాత నీళ్లు నింపి, ఒత్తిడి పెంచి, ముల్లు కదలకుండా నిలబడిందా అని చూడాలి. ఆ ఒత్తిడి ఉండగానే పైన కాంక్రీటు పోయాలి. పోసేటప్పుడు ఎవరి పారైనా తగిలితే ముల్లు పడిపోయి వెంటనే చెబుతుంది. ఈ పరీక్ష ఎగ్గొట్టినవారికి సంగతి రెండేళ్ల తర్వాత, పాలరాయి పగలగొట్టేటప్పుడు తెలుస్తుంది. ఢిల్లీవాళ్లకు పాలరాయి మోజు ఎక్కువని ఎగతాళి చేస్తాంగానీ, ఈ పనికి చెక్క నేల కంటే రాయే మేలు. వేడి త్వరగా పైకి వస్తుంది.

మొదట బిగించిన బర్నర్ నల్లటి మసి కక్కిందట. సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే ఐదో వంతు తక్కువ. కిందే సర్దుబాటు చేసి తెచ్చిన బర్నర్‌కు ఇక్కడ ఊపిరి చాలదు. మళ్లీ ఇక్కడే సరిచేయాలి. పొగగొట్టం చివర మంచు పేరుకునే ఎత్తుకు పైనే ఉండాలి. మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే తిరిగి వస్తుంది. దానికి వాసన ఉండదు.

ఈ ఊళ్లవాళ్లు ఇంటినంతా వెచ్చగా ఉంచాలని ఎన్నడూ అనుకోలేదు. దేవదారు దుంగలు, రాళ్లు వరుస మార్చి వరుస పేర్చి కట్టే కాఠ్‌కుణీ ఇళ్లలో గోడలు మందం, కిటికీలు చిన్నవి. కింద పశువులు, పైన మనుషులు. పశువుల ఒంటి వేడి కూడా లెక్కలోకి వచ్చేది. 1905 కాంగ్డా భూకంపానికి తట్టుకుని నిలిచిన నగ్గర్ కోట ఈ పద్ధతిలో కట్టిందే. చలి ముదిరితే కుటుంబమంతా ఒక్క గదిలోకి చేరుతుంది. మధ్యలో తందూర్ అనే రేకు పొయ్యి, దానిపై టీ గిన్నె, చుట్టూ పరుపులు. కశ్మీర్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడి హమామ్ అంటే రాతి పలకల నేల కింద మంట పెట్టి వెచ్చబరిచే గది. దాంట్లోనే రాగి పాత్రలో నీళ్లూ కాగుతాయి. మసీదుల్లోనూ ఇవి కనిపిస్తాయి. నేల కింద వేడి మనకు విదేశాల నుంచి వచ్చిన విద్యేమీ కాదు. కాకపోతే అది ఒక్క గదికి, అదీ మనుషులున్న గదికి.

సెలవుల ఇల్లు దీనికి పూర్తిగా తలకిందులు. అన్ని గదులూ కావాలి, మనుషులు మాత్రం ఉండరు. శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం మధ్యాహ్నం వెళ్లే కుటుంబానికి నేల కింది పైపులు ఏమాత్రం నప్పవు. గడ్డకట్టిన నేల వెచ్చబడేసరికి దాదాపు ఒక రోజు పడుతుంది, అప్పటికి తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుతుంటారు. రేడియేటర్లు గంటలో అందుకుంటాయి. ముందురోజే ఎవరైనా మీట నొక్కాలి, లేదా ఫోన్‌తో నడిచే థర్మోస్టాట్ పెట్టాలి. అదీ కరెంటు, ఇంటర్నెట్ ఉంటేనే. ఇక బియాస్ కనిపించాలని పెట్టించిన పెద్ద అద్దం రాత్రంతా వేడిని బయటికి పంపుతూనే ఉంటుంది. బాయిలర్ సైజు పెంచే ముందు రెండు పొరల అద్దం, పైకప్పు కింద దూది పొర వేయించుకుంటే డబ్బు మిగులుతుంది. ఎవరూ వేయించుకోరు. గోడ లోపలి దూదిని అతిథులకు చూపించలేం కదా.

అసలు కష్టం యజమాని కారెక్కాక మొదలవుతుంది. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది. జనవరి రాత్రుల్లో సున్నాకు దిగువకు పడే చోట కదలని నీరున్న పైపు పగలక తప్పదు. విచిత్రం ఏమిటంటే పగిలినప్పుడు ఎవరికీ తెలియదు. మంచుగడ్డే బిరడాలా పనిచేస్తుంది. ఆ ఇంటి చౌకీదారు నేపాల్ మనిషి, పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు. ‘‘మంచు కురిసిన రోజు భయం లేదు సాబ్. ఎండ కాసిన రోజే భయం’’ అన్నాడతను.

విరుగుడుగా నీళ్లలో గ్లైకాల్ కలుపుతారు. మూడో వంతు దాకా కలిపితే మైనస్ పదిహేను డిగ్రీల వరకూ భయం లేదు. చవకని కారు కూలెంట్ పోసేవాళ్లున్నారు. అది విషం, రుచికి తియ్యగా ఉంటుంది, కుళాయి నీటిలో కలిస్తే ప్రమాదం. ప్రొపిలీన్ గ్లైకాల్ వాడాలి. అదీ ఒకసారి పోసి మరిచిపోయేది కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. ఏటా అక్టోబరులో ఒక చుక్క తీసి పరీక్షించాలి. ఇంకో తిరకాసు ఉంది. ఒత్తిడి తగ్గితే తనంతట తానే నీళ్లు నింపుకునే వాల్వు చాలా ఇళ్లలో ఉంటుంది. ఎక్కడో సన్నగా కారుతుంటే అది చడీచప్పుడు లేకుండా మంచినీళ్లు కలుపుతూ పోతుంది. గేజ్‌లో ముల్లు సరిగ్గానే ఉంటుంది, లోపల గ్లైకాల్ పలచబడిపోతుంది. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు ఆ వాల్వు మూయాలి. అప్పుడు ముల్లు పడితే కారుతోందని తెలుస్తుంది, కానీ చూడడానికి మనిషంటూ ఉండాలి. ఇక గ్లైకాల్ కాపాడేది హీటింగ్ పైపులనే. స్నానాల గది, వంటగది, ఫ్లష్ ట్యాంకు నీళ్లు విడిగా ఖాళీ చేయాల్సిందే.

ఇదంతా ఎందుకు, ఎనిమిది డిగ్రీల దగ్గర పెట్టి వెళ్లిపోతే సరి అనేవాళ్లు ఎక్కువ. పైకప్పు మంచు కరిగే ఇళ్లు అవే. ఆ లెక్క కరెంటు పోయేవరకే చెల్లుతుంది. భారీ మంచుకు దేవదారు కొమ్మలు విరిగి తీగల మీద పడితే సరఫరా రోజుల తరబడి రాకపోవచ్చు. డీజిల్ బాయిలర్‌కైనా, గ్యాస్ బాయిలర్‌కైనా పంపు తిరగడానికి కరెంటు కావాలి. ఇన్వర్టర్ ఒక రాత్రి లాగుతుంది. చలికి మామూలు డీజిల్ చిక్కబడుతుంది. లడఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో విడుదల చేసింది అందుకే. చలికి సిలిండర్‌లో గ్యాస్ కూడా మొరాయిస్తుంది. ఇన్ని సాధ్యాసాధ్యాల మధ్య మిగిలే ఒకే ఒక్క భద్రత, రాత్రి రెండింటికి లేచి గేజ్ చూసే మనిషి.

ఆ మనిషి గది ఇంటి వెనక ఉంది. తొమ్మిదడుగుల గది, రేకుల కప్పు, తందూర్. భార్య, స్కూలుకెళ్లే కూతురు అందులోనే. కట్టెలు అతను కొనుక్కున్నవే. ఎవరూ లేని నాలుగు పడగ్గదుల్లో గ్లైకాల్ గోరువెచ్చగా తిరుగుతుంటే ఆ పైపు అతని గది గోడ దాకా వచ్చి వెనక్కి మళ్లిపోయింది. చౌకీదార్లు చాలామంది చలికాలంలో సొంతూళ్లకు వెళ్లిపోతారు. ఉండడానికి అనువుగా లేని చోట ఎందుకుంటారు? యజమానులు వాల్వుల మీద, సెన్సర్ల మీద పెట్టే ఖర్చులో కొంచెం ఆ గదికి పెడితే ఇంటికే క్షేమం. అది దయాధర్మం లెక్క కాదు, ప్లంబింగ్ లెక్క.

బాయిలర్ గదిలో నీళ్లు పంచే మేనిఫోల్డ్‌కు ఎనిమిది నోళ్లున్నాయి. ఏడింటికి పైపులు బిగించారు. ఎనిమిదో దానికి ఇత్తడి మూత ఉంది. చౌకీదారు గది కోసమే దాన్ని వదిలానని, అప్పట్లో అక్కర్లేదన్నారని కేంద్రపడా ప్లంబర్ చెప్పాడు. ఏప్రిల్‌లో సర్వీసుకు నీళ్లు దించినప్పుడు ఆ మూత తీసి, పది మీటర్ల పైపు గోడ వెంట లాగి, చిన్న రేడియేటర్ పెట్టడం ఒక పూట పని అన్నాడు. యజమానికి ఫోన్‌లో ఆ సంగతి చెప్పాడు కూడా. ఆయనింకా సరే అనలేదు.