బుధవారం రాత్రి మీగడ కోడి

ఢిల్లీలోని మా కరోల్ బాగ్‌లో సోమవారం దుకాణాలకు సెలవు. మూసిన షట్టర్ల ముందు రోడ్డు పొడుగునా సోమ్ బజార్ వెలుస్తుంది. మంగళవారం హనుమంతుడి రోజని మాంసం కొట్లు చాలావరకు తెరవరు. కాబట్టి వారం మధ్యలో కోడి వండాలంటే మాకు బుధవారమే దిక్కు. ఆ రాత్రి మా ఇంట్లో వండేది ఒకటే: వెడల్పాటి బాణలిలో, మీగడ చిక్కదనంతో, అరగంట దాటకుండా అయిపోయే కోడి.

తెనాలిలో పెరిగినన్నాళ్లూ కోడికూరంటే నాకు ఆదివారం. పొద్దున్నే నాన్న సంచి పట్టుకుని బయల్దేరడం, అమ్మ గసగసాలు నానబోసి, కొబ్బరి తురిమి, మసాలా నూరుకోవడం, మధ్యాహ్నం ఒంటిగంటకి వీధంతా ఒకటే వాసన రావడం. ఆ కూర రుచిలో సగం ఆ తీరికది. దాన్ని పనిరోజు రాత్రికి ఈడ్చుకొస్తే కూరా బాగుండదు, వండిన మనిషీ బాగుండదు. మాకున్న సమయం చూడండి. నా ఆఫీసు బారాఖంబా రోడ్డులో, మావారిది నోయిడా సెక్టార్ 62లో. ఇద్దరిదీ మెట్రో బ్లూ లైనే. నేను ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది, ఆయన వచ్చేసరికి ఎనిమిదిన్నర. పాపకు హోంవర్కు, పొద్దున్నే స్కూలు బస్సు. తొమ్మిదిలోపు అందరం ఒకేసారి కూర్చుని వేడిగా తినాలి. నాకు అదే ముఖ్యం. ఎవరికి వాళ్లు వచ్చినప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసుకుని వేడిచేసుకు తినే ఇల్లు నాకు ఇష్టంలేదు.

ఐదుగురికి 700 గ్రాముల ఎముకల్లేని తొడ మాంసం సరిపోతుంది. రొమ్ము ముక్క కంటే తొడ ముక్క మేలు. దానిలో కాస్త కొవ్వుంటుంది కనుక ఒక నిమిషం ఎక్కువ వేగినా పీచులా ఎండిపోదు. పొద్దున ఆఫీసుకెళ్లే ముందే ఉప్పు, మిరియాల పొడి, అల్లం వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెడతాను. రాత్రికి ఉప్పు లోపలిదాకా దిగి ఉంటుంది. వండే ముందు ముక్కల తడి తప్పకుండా అద్దేయాలి. తడి ముక్క నూనెలో పడితే వేగదు, ఉడుకుతుంది. మందంగా, వెడల్పుగా ఉన్న స్టీలు బాణలి బాగా కాలాక రెండు చెంచాల నూనె పోసి, ముక్కల్ని ఒకదాని మీదొకటి పడకుండా పరిచి, నాలుగైదు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. చేతులు ఊరుకోవు, కలబెట్టాలనిపిస్తుంది. ఆగాలి. ముక్క ఎర్రగా వేగితే దానంతటదే అడుగు వదులుతుంది. అప్పుడు తిరగేసి మరో మూడు నిమిషాలుంచి పళ్లెంలోకి తీస్తాను. ఇంకా పూర్తిగా ఉడకవు, ఫర్వాలేదు.

అసలు రుచి ఇప్పుడు బాణలి అడుగున ఉంటుంది. గోధుమరంగులో అంటుకున్న ఆ పొరను కడిగి పారబోసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కోడి వేపుడు ఖాళీ అయ్యాక అదే మూకుట్లో వేడన్నం వేసి కలుపుకోవడం మన ఇళ్లలో అందరం ఎరిగినదే. ఆ ముద్ద కోసం అన్నదమ్ములు పోట్లాడుకోని తెలుగిల్లు ఉందా! ఆ ఎరుపులో ఉన్న మహిమే ఇక్కడా పనిచేస్తుంది. అదే బాణలిలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, నాలుగు చీల్చిన పచ్చిమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు, దంచిన వెల్లుల్లి వేసి, ఉల్లి మెత్తబడ్డాక అర గ్లాసు వేడినీళ్లు పోసి చెక్క గరిటెతో అడుగంతా గీరాలి. ఆ పొర నీళ్లలో కరిగి గ్రేవీ అవుతుంది. రెండు టమాటాల గుజ్జు, చెంచా కాశ్మీరీ కారం రంగుకి, అర చెంచా గుంటూరు కారం మనసుకి. టమాటా పచ్చివాసన పోయాక ముక్కలు మళ్లీ వేసి మూతపెట్టి ఎనిమిది పది నిమిషాలు ఉడికిస్తే చాలు. పెద్ద ముక్కను మధ్యకు కోసి చూస్తే గులాబీ రంగు మిగలకూడదు. థర్మామీటరు ఉన్నవాళ్లకు లెక్క 74 డిగ్రీల సెల్సియస్.

మీగడ చివర్న. మంట పూర్తిగా తగ్గించాక, అర కప్పు. ప్యాకెట్లో దొరికే అమూల్ క్రీమ్‌లో 25 శాతం కొవ్వుంటుంది. సన్న మంట మీద నిక్షేపంగా కలిసిపోతుంది, పులుసుతోపాటు కుతకుతలాడిస్తే మాత్రం విరిగే ప్రమాదం ఉంది. మదర్ డెయిరీ ఫుల్ క్రీమ్ పాలు కాచి తీసిన మీగడ ఇంకా రుచి. కాకపోతే ఆ రోజుదో ముందురోజుదో కావాలి, వెన్న కోసం వారమంతా పోగేసి పులిసిన మీగడ దీనికి పనికిరాదు. మీగడ లేకపోతే పెరుగైనా సరే, గిలక్కొట్టి చెంచాడు శనగపిండి కలిపి పోయండి. మజ్జిగపులుసు విరక్కుండా మన అమ్మమ్మలు చేసిన పనే అది. వేడికీ పులుపుకీ పాలలోని మాంసకృత్తులు ముద్దకట్టకుండా పిండి అడ్డుపడుతుంది. మీగడలో కొవ్వు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ కనుక దానికి అంత కాపలా అక్కర్లేదు. దించేముందు కసూరీ మేథీ, అంటే ఎండు మెంతాకు, అరచేతిలో నలిపి వేస్తే వంట అయిపోయినట్టే.

శీతాకాలం మా దగ్గరుండే అత్తయ్యకు మొదట్లో ఇది నచ్చలేదు. "కోళ్లో పాలు పోస్తారా ఎక్కడన్నా? అరగదమ్మాయ్" అన్నారు. చేపలు తిని పాలు తాగకూడదనే మాట మనవాళ్లలో బలంగా ఉంది, ఆ జంకు కోడికీ పాకింది. నేను వాదించలేదు. మరుసటి బుధవారం ఆవిడే పలాస జీడిపప్పు గుప్పెడు నానబెట్టి, గసగసాలతో కలిపి వెన్నలా నూరి ఇచ్చారు. మీగడకు బదులు అది వేశాం. కమ్మదనంలో ఏ లోటూ లేదు. చిక్కటి, తెల్లటి, కమ్మటి కోడికూర మన వంటింటికి కొత్తేం కాదు. మనం గింజల్లోంచి తీసిన కమ్మదనాన్ని వీళ్లు పాలలోంచి తీశారు.

వీళ్లంటే పంజాబీలు. కరోల్ బాగ్ రూపు మార్చింది 1947. ఇక్కడి ముస్లిం కుటుంబాలు చాలా వరకు పాకిస్తాన్ వెళ్లిపోయాయి. పశ్చిమ పంజాబ్, సింధ్‌ల నుంచి కాందిశీకులు వచ్చి ఈ వీధుల్లో స్థిరపడ్డారు. హకీమ్ అజ్మల్ ఖాన్ పేరిట ఉన్న రోడ్డులో కొట్లు పెట్టి, కష్టపడి పైకొచ్చారు. అదే సంవత్సరం పెషావర్ నుంచి వచ్చిన కుందన్ లాల్ గుజ్రాల్, కుందన్ లాల్ జగ్గీ దర్యాగంజ్‌లో మోతీ మహల్ నడిపారు. తందూరీ కోడి మిగిలితే ఎండిపోతుంది, పారేస్తే నష్టం. దాన్ని టమాటా, వెన్న, మీగడలో వేసి మళ్లీ మెత్తబరచడంలోంచి బటర్ చికెన్ పుట్టిందని చెబుతారు. ఇద్దరిలో ఎవరు కనిపెట్టారన్న తగవు వాళ్ల వారసుల మధ్య 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. కోర్టు ఏం తేల్చినా నాకు కనబడేది ఒకటే: ఊరు, ఇల్లు పోగొట్టుకున్న మనుషులు మిగిలిన కోడిని కూడా వృథా పోనివ్వకుండా ఒక గొప్ప వంట చేశారు. కసూరీ మేథీకి పేరిచ్చిన కసూర్ ఊరు కూడా సరిహద్దుకి అవతలే ఉండిపోయింది, ఆకు మాత్రం ఇప్పుడు రాజస్థాన్‌లోని నాగౌర్ నుంచి వస్తోంది. మీగడ కూరల్ని హోటలు తిండి, ఆడంబరపు తిండి అని తీసిపారేసే మాట మనవాళ్ల నోట వినబడినప్పుడల్లా నేను ఈ సంగతి చెబుతాను.

మనవాళ్లు ఉద్యోగాల కోసం ఈ ఊరు చేరినప్పుడు తమ పిల్లలకు తెలుగు పోకూడదని తపించారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. మా పాప చదివే ప్రసాద్ నగర్ బడి దానిదే. పలక మీద అక్షరాలకు అంత శ్రద్ధ పెట్టిన తరం పళ్లెంలోనూ తెలుగు రుచిని కాపాడుకుంటూ వచ్చింది. నేనూ కాపాడుకుంటాను. ఆదివారం గోంగూర, గుంటూరు కారం, అమ్మ చెప్పిన కొలతలు. బుధవారం మాత్రం ఢిల్లీ చెప్పినట్టు వింటాను, కరివేపాకు మానకుండా.

ఐదో పళ్లెం మా అక్క కొడుకుది. ఓల్డ్ రాజేందర్ నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాడు. మా ఇంటికి నడిచొచ్చే దూరం. ఇరుకు గది, ఒక ఇండక్షన్ పొయ్యి, గోడ నిండా మ్యాపులు. మెస్సులో తిని తిని, "పిన్నీ, మెతుకు లోపలికి పోవట్లేదు" అంటూ వచ్చాడొకసారి. జనవరి చలికి మనిషి వణుకుతున్నాడు. ఆ నెలలో ఇక్కడ పళ్లెంలో వడ్డించిన కూర నాలుగు నిమిషాల్లో చల్లారి, మీగడ పైన పేరుకుంటుంది. అందుకే బాణలినే బల్ల మధ్యలో పెట్టి మూత తీశాం. వీధి చివర తందూర్ దగ్గర్నుంచి మావారు రొట్టెలు తెచ్చారు. వాడు రొట్టెలతో ఆగలేదు, అడుగున మిగిలినదాంట్లో అన్నం కలపమని పాపతో పోటీకొచ్చాడు. తర్వాతి వారం నేను వండలేదు, పక్కన నిలబడి వాడితో వండించాను. ఇప్పుడు తన గదిలో, ఆ ఒక్క పొయ్యి మీద, ఇద్దరు స్నేహితులకు కూడా వండి పెడుతున్నాడు. మాంసం వండకూడదని షరతు పెట్టిన ఇంట్లో ఉంటున్న ఇంకో కుర్రాడు ఇదే పద్ధతిలో పన్నీరు వండుకుంటున్నాడట.

పిల్లల్ని చదువుకి ఢిల్లీ పంపే తల్లిదండ్రులకి ఒక మాట. ఆవకాయ, కందిపొడి, జంతికలు ఎలాగూ సర్దుతారు. వాటితోపాటు ఇండక్షన్ మీద పనిచేసే మందపాటి స్టీలు బాణలి ఒకటి పెట్టండి. రైలెక్కించే ముందు, అబ్బాయైనా అమ్మాయైనా, పక్కన నిలబడి ఈ ఒక్క వంట వాళ్ల చేత చేయించండి.